హాచి కాచుకున్న వాకిలి

ఒక కుక్కను చూడటానికి సముద్రాలు దాటి టోక్యోదాకా పోవాలా, మన వీధిలో లేవా కుక్కలు, అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కుక్క విషయంలో మనవాళ్ళ వ్యవహారం మొదటినుంచీ రెండు నాలుకలుగానే వున్నది. విశ్వాసం అనే మాట వస్తే ముందు కుక్కనే చెబుతాం. ఎవరినైనా తిట్టవలసివస్తే మళ్ళీ ఆ కుక్క పేరే వాడుకుంటాం. సంస్కృతంవారు ‘సారమేయం’ అని తల్లి పేరుమీదుగా పిలిచారు. ‘గ్రామసింహం’ అని బిరుదు కూడా ఇచ్చారు గాని, ఆ బిరుదులో గౌరవమెంతో, వెటకారమెంతో తేల్చి చెప్పటం కష్టం. మన సుమతీ శతకకారుడు కుక్కను తీసుకువచ్చి బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టాడు. అది మర్యాద చెయ్యటానికి కాదు, చీవాట్లు పెట్టటానికి!

జపానువారు మాత్రం ఒక కుక్కను నిజంగానే పీఠం ఎక్కించారు. ఎక్కించి తిట్టలేదు. దాని ముందు బారులుతీరి నిలబడుతున్నారు. ఆ కుక్క పేరు హాచి. హాచి అంటే వారి భాషలో ఎనిమిది. ముద్దూ మర్యాదా కలిపి చివర ‘కో’ చేర్చి హాచికో అంటారు.

ఈ కుక్క కథ మనలో చాలామందికి సినిమావల్లనే తెలిసింది. 2009లో వచ్చిన ‘హాచి’ అనే అమెరికా చిత్రంలో రిచర్డ్ గేర్ సంగీతం చెప్పే ఆచార్యుడు. దర్శకుడు స్వీడన్ దేశస్థుడు లాసే హాల్‌స్ట్రోమ్. రైల్వే స్టేషనులో దిక్కులేకుండా తిరుగుతున్న కుక్కపిల్ల ఒకటి ఆచార్యునికి దొరుకుతుంది. పెరిగి పెద్దదయి, రోజూ ఆయనను స్టేషనుదాకా సాగనంపుతుంది, సాయంత్రం బండివేళకు ఎదురు వెళుతుంది. ఒకనాడు ఆయన పాఠం చెబుతూనే కూలిపోతాడు. కుక్కకు ఆ సంగతి తెలియదు. సాయంత్రం బండి వస్తూనే వుంటుంది. ఏళ్ళు గడుస్తూనే వుంటాయి.

మా కాలేజీ హాస్టలు పిల్లలు ఒక ఆదివారం రాత్రి ఈ చిత్రం వేసుకుని నన్నుకూడా పిలిచారు. పరీక్ష తప్పినా పకపక నవ్వుకుంటూ తిరిగే మా మూడో సంవత్సరం వీరులు చీకట్లో ముక్కులు చీదుకోవటం ఆనాడు విన్నాను. ఈ కథమీదనే జపానులో 1987లో ‘హాచికో మొనొగతరి’ అనే చిత్రం వచ్చింది. కనెతొ షిందో రచన, సెయిజిరో కొయామా దర్శకత్వం, ఆచార్యుని పాత్రలో తత్సుయ నకదాయి. మన తెలుగులో కూడా ఈ ఛాయలోనే 2015లో రాజేంద్రప్రసాదుతో ‘టామీ’ తీశారు. ఇన్ని దేశాలవాళ్ళచేత కంటతడి పెట్టించిన ఆ వాకిలి ఎలా వుంటుందో చూడాలని అప్పటినుంచీ నా మనసులో వుంది.

2023 నవంబరులో మా తమ్ముడు రమ్మంటే టోక్యో వెళ్ళాను. వాడు అక్కడ కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. కాపురం నిషికసాయి అనే పేటలో. భారతీయులు అక్కడ ఎంత ఎక్కువగా వున్నారంటే కరివేపాకుకు కూడా కరువులేదు. “అన్నయ్యా, ఫూజీ పర్వతం చూస్తావా, పెద్ద బుద్ధుణ్ణి చూస్తావా?” అని తమ్ముడు అడిగాడు. “ముందు కుక్కను చూస్తాను” అన్నాను. మా మరదలు నవ్వు ఆపుకోలేక, “బావగారూ, అయితే మీ వెంట మీ కూతుర్నికూడా తీసుకుపొండి. దానికి సెలవే” అన్నది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇద్దరం బయలుదేరాం.

షిబుయా వాకిట్లో

నిషికసాయినుంచి తొజాయి లైనులో నిహోంబాషిదాకా పోయి, అక్కడ గింజా లైను మారితే ఆ లైను చివరి స్టేషనే షిబుయా. ఈ గింజా లైను మొదటి ముక్క, అసకుస నుంచి ఉయెనోదాకా, 1927లో మొదలయింది. ఆసియాఖండంలో మొట్టమొదటి భూగర్భ రైలు అదేనట. హాచి స్టేషనుముందు కూర్చుని ఎదురుచూస్తున్న కాలమే అది.

షిబుయా స్టేషనులో దిగినవాడికి వెంటనే బయటికి వచ్చే యోగం లేదు. ఎన్ని మెట్లు, ఎన్ని సొరంగాలు, ఎన్ని బాణం గుర్తులు! మా పిల్ల నా చెయ్యి పట్టుకుని, తానే పెద్దదానిలా నన్ను నడిపించింది. ఒక ద్వారానికి కుక్క పేరే పెట్టారు, హాచికో ద్వారం అని. అందులోనుంచి బయటపడితే ఎదురుగా జగత్ప్రసిద్ధమయిన చౌరస్తా. ఎర్రదీపం వెలగగానే అన్నివైపుల బళ్ళూ ఒక్కసారిగా ఆగుతాయి, నాలుగు మూలలనుంచీ మనుషులు వరదలా రోడ్డుమీదికి దిగుతారు. ఒకరినొకరు తగలరు. తిరునాళ్ళలో తోపులాట చూచిన కళ్ళకు అదొక వింత.

ఆ వరదకు ఇవతల, చెట్లకింద, రాతిపీఠం మీద కంచు కుక్క కూర్చుని వున్నది. పీఠంమీద ‘చూకెన్ హాచికో’ అని చెక్కారు, అంటే విశ్వాసంగల కుక్క హాచి అని. విగ్రహం పెద్దదేమీ కాదు. దగ్గరికి పోయి చూస్తేగాని కనపడనిది ఒకటున్నది. కుడిచెవి నిక్కబొడుచుకుని వుంటుంది, ఎడమచెవి వాలిపోయి వుంటుంది. జబ్బుతో, గాయాలతో ముసలితనంలో హాచి చెవి అలాగే వాలిపోయింది. శిల్పి దాన్ని సరిచెయ్యకుండా వున్నదున్నట్టు పోతపోశాడు.

ఫొటోలకోసం వరస కట్టారు జనం. అమెరికావాళ్ళు, చైనావాళ్ళు, నడుం వంగిన జపాను ముసలమ్మ ఒకావిడ. మా వంతు రావటానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో నాకు తెలిసిన కథంతా మా పిల్లకు చెప్పాను. అంతా విని అది ఒక్కటే అడిగింది: “పెదనాన్నా, ఆయన చచ్చిపోయాడని ఆ కుక్కతో ఎవరూ చెప్పలేదా?”

ఎం.ఏ. తెలుగు చదివి ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నాకు దీనికి సమాధానం తోచలేదు. కుక్కతో ఎలా చెబుతారమ్మా అన్నాను. “అయితే దాని పక్కన ఎవరు కూర్చున్నారు?” అన్నది. నేను చూడవలసింది కుక్కను ఒక్కదాన్నే కాదనీ, దాని చుట్టూ వున్న మనుషులను కూడాననీ ఆ రెండో ప్రశ్నతో నాకు స్పష్టమయింది.

అసలు జరిగిన కథ

హాచి 1923 నవంబరు 10న జపాను ఉత్తరభాగంలో, అకిత రాష్ట్రంలో ఓదాతె దగ్గర పుట్టింది. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 1న, మహాభూకంపం టోక్యోను నేలమట్టం చేసింది. 1924 జనవరిలో, మంచు కాలంలో, ఈ కుక్కపిల్లను రైలెక్కించి రాజధానికి పంపారు. తెప్పించుకున్నాయన పేరు హిదెసబురో ఉయెనో, టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాఖ ఆచార్యుడు. పొలాల గట్లు సరిచెయ్యటం, నీరు పెట్టటం, మురుగు తియ్యటం ఆయన విద్య. ఆ శాస్త్రానికి జపానులో ఆయనే ఆద్యుడంటారు. భూకంపం తరువాత టోక్యోను తిరిగి కట్టటంలో ఆయన శిష్యులు చాలామంది పనిచేశారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించిన కాటన్ దొరను ఈనాటికీ తలుచుకునే గోదావరివాళ్ళకు, నీటిని పొలానికి నడిపించేవాడి విలువ వేరే చెప్పనక్కరలేదు. కాని లోకానికి ఆయన విద్య గుర్తులేదు. ఆయన కుక్క గుర్తున్నది.

సినిమాల్లో ఆచార్యుడు రోజూ రైలెక్కుతాడు. నిజానికి ఆనాడు వ్యవసాయశాఖ కొమాబాలో వుండేది. షిబుయాలో ఆయన ఇంటినుంచి అది నడకదూరమే. మామూలు రోజుల్లో నడిచే వెళ్ళేవాడు. పరిశోధనాలయానికో, పొరుగూళ్ళకో పోయేటప్పుడే షిబుయాలో రైలెక్కేవాడు. హాచి ఒక్కొక్కనాడు కాలేజీ గేటుదాకా, ఒక్కొక్కనాడు స్టేషనుదాకా వెళ్ళేది. 1925 మే 21న ఆచార్యుడు విశ్వవిద్యాలయంలో వుండగానే మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. వయస్సు 53. హాచి ఆయన దగ్గర వున్నది పదహారు నెలలు మాత్రమే. ఆ తరువాత అది బతికింది 9 సంవత్సరాల 9 నెలల 15 రోజులు.

ఇల్లు చెదిరిపోయింది. కుక్కను బంధువుల ఇళ్ళకు పంపారు. చివరకు, ఆచార్యుని ఇంట్లో తోటపని చేసిన కొబయాషి దగ్గరికి చేరింది. ఆయన ఇల్లు షిబుయాకు దగ్గర. అక్కడినుంచి హాచి సాయంత్రం బండివేళకు స్టేషనుకు పోవటం మొదలుపెట్టింది. కాలేజీ గేటు దగ్గరికి పోక స్టేషనుకే ఎందుకు పోయిందంటే, ఆచార్యుడు దూరాలు వెళ్ళి చాలా రోజులకు తిరిగివచ్చేది ఆ వాకిలినుంచే. చాలా రోజులుగా రాలేదు గనుక, వస్తే ఇటే రావాలని దాని లెక్క కాబోలు. లెక్కలో తప్పు ఏమీ లేదు. లెక్క వేయించుకున్న మనిషే లేడు.

తన్నిన కాళ్ళు, మొక్కిన చేతులు

ఇక్కడే సినిమాలు కొంచెం తొందరపడతాయి. తెరమీద స్టేషనువాళ్ళూ దుకాణాలవాళ్ళూ కుక్కమీద జాలిపడి తిండి పెడతారు. అసలు షిబుయాలో మొదటి ఏళ్ళు అలా గడవలేదు. దారికి అడ్డమని స్టేషనువాళ్ళు కొట్టారు. ఆకతాయిలు సిరాతో దాని మొహాన కళ్ళజోడూ మీసాలూ గీశారు. వీధికుక్క కింద జమకట్టి దాని మానాన దాన్ని వదిలేశారు.

అది ఎవరి కుక్కో, ఎందుకు వస్తున్నదో హిరొకిచి సాయితో అనే ఆయన తెలుసుకున్నాడు. జపాను జాతికుక్కలు అంతరించిపోకుండా కాపాడాలని పాటుపడిన మనిషి. 1932 అక్టోబరు 4న అసాహి పత్రికలో ఈ ముసలి కుక్క వృత్తాంతం ప్రకటింపజేశాడు. అంతే, ఒక్క పత్రికతో లోకం మారిపోయింది. నిన్న తన్నిన వాకిట్లోనే ఇవాళ తిండి, దండలు, దణ్ణాలు! 1934 ఏప్రిల్‌లో తెరు ఆందో అనే శిల్పి చెక్కిన కంచు విగ్రహాన్ని స్టేషను ముందు ఆవిష్కరించారు. ఆ సభకు హాచి కూడా వచ్చింది. తన విగ్రహం పక్కన తానే నిలబడ్డది. బతికుండగానే విగ్రహం చూచుకున్న భాగ్యం మన మహాకవుల్లోనే కొద్దిమందికి దక్కింది. దాని ధ్యాస మాత్రం సాయంత్రం బండిమీదనే వున్నదేమో!

మరుసటి సంవత్సరం, 1935లో, హాచి కథ చిన్నపిల్లల నీతిపాఠాల పుస్తకంలోకి ఎక్కింది, చేసిన మేలు మరవవద్దనే పాఠంగా. యుద్ధానికి సిద్ధపడుతున్న ప్రభుత్వానికి విశ్వాసమనే మాట చాలా అవసరమయిన రోజులవి. కుక్క కూర్చున్నది ఒక మనిషికోసం. పెద్దలు దాన్ని దేశభక్తికి నమూనా చేశారు. తీరా యుద్ధం ముదిరి లోహం కరువయ్యేసరికి, 1944లో ఆ విగ్రహాన్నే పీకి తీసుకుపోయి, మరుసటి సంవత్సరం 1945లో కరిగించి రైలింజన్ల భాగాలకు వాడుకున్నారు. రైలుకోసం ఎదురుచూచిన కుక్కను రైలింజనులోనే కలిపేశారు. దాన్ని చెక్కిన శిల్పి కూడా ఆ సంవత్సరమే వైమానిక దాడిలో పోయాడు. నేను చూచిన విగ్రహం ఆయన కొడుకు తకేషి ఆందో చేసినది. 1948 ఆగస్టులో నిలబెట్టారు. ఓడిపోయి, తిండికి మొహంవాచి వున్న దేశం మళ్ళీ కుక్క విగ్రహం కావాలనుకున్నది. ఈసారి నీతిపాఠానికి కాదు. యుద్ధంనుంచి తిరిగిరాని వాళ్ళకోసం ఎదురుచూస్తున్న ఇళ్ళు ఆనాడు ఎన్ని వున్నాయో మనం ఊహించుకోవచ్చు.

“అది యజమానికోసం రాలేదండీ, స్టేషను దగ్గర కాల్చి అమ్మే కోడిముక్కలకోసం వచ్చింది” అనేవాళ్ళు జపానులోనే వున్నారు. 1935 మార్చి 8 ఉదయం హాచి స్టేషనుకు కొంచెం దూరంలో, కాలవ వంతెన దగ్గర సందులో చనిపోయి కనపడింది. కోసి చూస్తే పొట్టలో కోడిముక్కలు గుచ్చే పుల్లలు నాలుగు దొరికాయి. ఆ పుల్లలే పొడిచి చంపాయని చాలాకాలం చెప్పుకున్నారు. విశ్వవిద్యాలయంలో దాచి వుంచిన అవయవాలను 2011లో తిరిగి పరీక్షించి, గుండెకూ ఊపిరితిత్తులకూ పుట్టకురుపు వున్నదనీ, గుండెలో పురుగులుకూడా వున్నాయనీ, పుల్లలు చావుకు కారణం కాదనీ తేల్చారు. మరి ముక్కల సంగతి? పెడితే తిన్నది. ఆకలిగల ప్రాణి తినటం విశ్వాసానికి లోపం ఎలా అవుతుంది? పెట్టనినాడు, కొట్టిననాడు కూడా ఆ వాకిట్లోనే వున్నది గదా!

ఉయెనోలో రెండు కుక్కలు

షిబుయానుంచి మేమిద్దరం విశ్వవిద్యాలయానికి వెళ్ళాం. వ్యవసాయశాఖ ఇప్పుడు యాయొయి ఆవరణలో వున్నది. తోదాయిమాయె స్టేషనులో దిగి, వ్యవసాయశాఖ గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఎడమవైపు ఇంకొక విగ్రహం. ఇందులో కుక్క ఒంటరిగా లేదు. కోటు తొడుక్కున్న ఆచార్యుడు ఎదురుగా వున్నాడు. హాచి వెనకకాళ్ళమీద లేచి, ముందుకాళ్ళు ఆయనమీద వేసి, తోక ఆడిస్తూ మొహంలోకి చూస్తున్నది. ఆయన వంగి నవ్వుతున్నాడు. హాచి చనిపోయిన ఎనభై ఏళ్ళకు, 2015 మార్చి 8న, దీన్ని ఆవిష్కరించారు. మా పిల్ల చప్పట్లు కొట్టి, “వచ్చేశాడు!” అన్నది. ఆ మాటకు పక్కనున్న విద్యార్థి ఒకడు, భాష తెలియకపోయినా, తల వంచి నమస్కారం చేశాడు. గేటు పక్కనే వున్న చిన్న ప్రదర్శనశాలలో హాచి గుండె, ఊపిరితిత్తులు గాజుజాడీల్లో వున్నాయి. పిల్లకు అవి చూపించలేదు.

అక్కడినుంచి నెజు వీధులమీదుగా నడిచి ఉయెనో పార్కు చేరుకున్నాం. ఆచార్యుని ఇంటిపేరూ ఉయెనో, ఈ పేట పేరూ ఉయెనో. రాతలో కూడా రెంటికీ అవే అక్షరాలు. 1924లో ఓదాతెనుంచి వచ్చిన కుక్కపిల్ల రైలు దిగినది ఈ ఉయెనో స్టేషనులోనే. ఇప్పుడు దాని చర్మంతో చేసిన బొమ్మ కూడా ఈ పేటలోనే, జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో వున్నది. తెల్లగా, బలంగా, నిటారుగా నిలబడి వున్నది. చూడగానే ఒకటి గమనించాను, ఇక్కడ రెండు చెవులూ నిక్కబొడుచుకునే వున్నాయి. ప్రదర్శనశాలవారు జాతికుక్క ఎలా వుండాలో అలా నిలబెట్టారు. పడ్డ బాధ గుర్తు కంచులో మిగిలింది గాని చర్మంలో మిగలలేదు.

దానికి దగ్గరలోనే నల్లటి కుక్క ఒకటున్నది, పేరు జిరో. 1958లో దక్షిణధ్రువంలో షోవా స్థావరానికి వెళ్ళిన జపాను బృందం వాతావరణం చెడి తిరిగివస్తూ, బండ్లు లాగే పదిహేను కుక్కలను గొలుసులతో అక్కడే వదిలిపెట్టవలసి వచ్చింది. 1959 జనవరిలో మరొక బృందం వెళ్ళి చూస్తే తరో, జిరో అనే రెండే ప్రాణాలతో ఎదురొచ్చాయి. ఏడు గొలుసుల్లోనే చచ్చి వున్నాయి. మిగిలినవి కనపడలేదు. దీనిమీద కూడా 1983లో గొప్పగా ఆడిన చిత్రం ఒకటి తీశారు. ఒక కుక్క వదలనిది, ఒక కుక్క వదలబడినది, పక్కపక్కన నిలబడి వున్నాయి.

ఆ రెంటినీ చూస్తూ వుంటే తెలుగు మేష్టారికి భారతం గుర్తు రాకుండా ఎలా వుంటుంది? మన భారతం కుక్కతోనే మొదలై దాదాపు కుక్కతోనే ముగుస్తుంది. ఆదిపర్వంలో జనమేజయుని తమ్ముళ్ళు ఏ తప్పూ చెయ్యని కుక్కపిల్లను కొడతారు. దాని తల్లి సరమ సభకు వచ్చి రాజును నిలదీస్తుంది. నన్నయగారు ఆ కథను ఆదిలోనే పెట్టారు. మహాప్రస్థానంలో తమ్ముళ్ళూ భార్యా పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటాడు. నన్ను నమ్మివచ్చినదాన్ని వదిలే స్వర్గం నాకు వద్దని ధర్మరాజు అంటాడు. ఇన్నేళ్ళూ ఈ ఘట్టాన్ని పాఠంగా చెప్పాను. అక్కడ పరీక్ష జరిగినది కుక్క విశ్వాసానికి కాదు, మనిషి విశ్వాసానికి. కుక్క ఎలాగూ వెంట వస్తుంది. మనిషి దాన్ని వదులుతాడా, వదలడా అన్నదే ప్రశ్న. షిబుయాలో కూడా పరీక్ష రాసినది హాచి కాదు.

ఆవొయామా శ్మశానంలో

మర్నాడు ఒంటరిగా వెళ్ళాను. గింజా లైనులో గాయెన్‌మాయె స్టేషనులో దిగి కొంత దూరం నడిస్తే ఆవొయామా శ్మశానవాటిక. వూరి మధ్యన అంత పెద్ద నిశ్శబ్దం వుంటుందని నేననుకోలేదు. వరసలు వరసలుగా రాతిపలకలు, మధ్యన చెరీ చెట్లు. పూలకాలం కాదు, ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. ఉయెనో ఆచార్యుని సమాధి పక్కన, చిన్న గుడిలాంటిది ఒకటి హాచిది. ఎవరో కుక్కబొమ్మ పెట్టి వెళ్ళారు.

నేను అక్కడికి వెళ్ళింది మా పిల్ల రెండో ప్రశ్నకు సమాధానంకోసం. ఆ కుక్క పక్కన ఎవరు కూర్చున్నారు?

ఆచార్యునికి తోడుగా యాయెకో సకానో అనే ఆమె వుండేది. దాదాపు పదేళ్ళు ఒకే ఇంట్లో భార్యాభర్తలుగానే వున్నారు. కాని ఆచార్యుని కుటుంబంవాళ్ళు వేరే సంబంధం అనుకున్న కారణంచేత వాళ్ళ పెళ్ళి దస్తావేజుల్లోకి ఎక్కలేదు. ఆయన పోయిననాడు చట్టం ప్రకారం ఆమె ఆయనకు ఎవరూ కాదు. ఇల్లు వదలవలసి వచ్చింది. ఆచార్యుని శిష్యులు జాలిపడి ఆమెకు వేరే గూడు కట్టించి ఇచ్చారు. కుక్కను ఊరుమీద ఊరు మార్చటానికి అసలు కారణం ఇదే. ఇంటికి యజమాని పోయాడు, ఇల్లాలిని ఇల్లాలు కాదన్నారు, కుక్క మాత్రం ఎక్కడుంటుంది?

హాచి చనిపోయిననాడు స్టేషనులో తీసిన ఫొటో ఒకటున్నది. కుక్క కళేబరం చుట్టూ స్టేషనువాళ్ళు తలలు వంచుకుని వున్నారు. ముందు వరసలో చేతులు జోడించి కూర్చున్న ఆమె యాయెకో. ఆమె 1961లో చనిపోయింది. ఆయన పక్కన తనను కూడా చేర్చమన్నది ఆమె కోరిక. జరగలేదు. కుక్కకు ఆ సమాధి పక్కన 1935లోనే చోటు దొరికింది. ఆమెకు దొరకలేదు.

1987 చిత్రంలో ఆచార్యునికి చక్కని ఇల్లాలూ కూతురూ వున్నారు. యాయెకో పడ్డ పాట్లు తెరమీదికి రాలేదు. 2009 చిత్రంలో ఒక ఘట్టమున్నది. భర్త పోయాక ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయిన భార్య ఏళ్ళ తరువాత తిరిగివచ్చి, ముసలిదయిపోయిన కుక్క ఇంకా ఆ వాకిట్లోనే వుండటం చూస్తుంది. ఏమీ అనదు. వచ్చి దాని పక్కన కూర్చుని, తరువాతి బండికోసం తానూ ఎదురుచూస్తుంది. మా పిల్లలు చీకట్లో ముక్కులు చీదుకున్నది అక్కడే. అమెరికావాళ్ళకు యాయెకో సంగతి తెలిసి తీశారో తెలియక తీశారో గాని, ఆమెకు బతికుండగా అందని చోటు ఆ తెరమీద ఇచ్చారు.

నిజంగా ఆ చోటు ఆమెకు దక్కింది 2016లో. ఆచార్యుడు పనిచేసిన శాఖలోనే తరువాతి తరాల ఆచార్యులు పూనుకుని, రెండు కుటుంబాలతో మాట్లాడి, ఒప్పించి, అనుమతులు తెచ్చారు. ఆ సంవత్సరం మే 19న యాయెకో చితాభస్మంలో కొంత ఆ సమాధిలో వుంచి, రాతిమీద ఆమె పేరు చెక్కించారు. ఆమె పోయిన 55 ఏళ్ళకు, ఆయన పోయిన 91 ఏళ్ళకు. కాయితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఆమెతో ఏ చుట్టరికమూ లేదు. ఎప్పుడో పోయిన మేష్టారిమీద గౌరవం, అంతే. కంచుతో చేసేది కాదు గనుక ఆ విశ్వాసానికి విగ్రహం లేదు.

నేను ఆ రాతి పక్కకు వెళ్ళి చెక్కిన గీతలు చేత్తో తడిమి చూచాను. జపాను అక్షరం నాకు రాదు. అయినా కొత్తగా చెక్కిన గీత పాతదానికన్న పదునుగా వేలికి తగులుతుంది.

మన రైల్వే స్టేషన్లలో, రాజమండ్రిలోనో, సామర్లకోటలోనో, బెజవాడలోనో, బల్లకింద ముడుచుకుని పడుకున్న కుక్కలను మీరు చూచే వుంటారు. అవి ఎవరికోసమో ఎదురుచూస్తున్నాయని నేను చెప్పను. ఇడ్లీ పొట్లంకోసమే కావచ్చు. అయినా ఈసారి అక్కడ బండికోసం కూర్చున్నప్పుడు, కాలితో తోసేముందు ఒక్క క్షణం ఆగండి. అది ఎవరి కుక్కో సాయితోకు తెలియకముందు, హాచికూడా షిబుయాలో అలాంటి కుక్కే.